బోదె గట్టున నడిచినట్టు: లినక్స్ ఎక్కించేటప్పుడు నెట్ రాకపోతే

గత కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున్న మా పెదనాన్నగారి మనుమరాలు పాత లాప్‌టాప్ ఒకటి ప్లాస్టిక్ సంచీలో చుట్టి, వానకు తడవకుండా గుండెకు హత్తుకుని మా ఇంటికి తెచ్చింది. ఆ అమ్మాయి అమలాపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసిపోయింది, ఆ లాప్‌టాప్ ఏమో విండోస్ 11కు సరిపోదు, కొత్తది కొనే స్తోమత ఈ ఏడు వాళ్ళకు లేదు. అందుకని తానే పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని, విండోస్‌కు బదులుగా వాడుకునే లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 13 ఎక్కించడానికి పూనుకుంది. "బాబాయ్, రెండుసార్లు వేశాను, రెండుసార్లూ నెట్‌వర్క్ దగ్గరే ఆగిపోయింది. షాపులో అడిగితే ఈ లాప్‌టాప్‌కి లినక్స్ పడదన్నారు" అంది.

నా అభ్యంతరమంతా ఆ "పడదు" అన్న మాట మీదే. వంకాయ పడనివాళ్ళు ఉంటారు, కొందరికి కొన్ని మందులు పడవు, ఎందుకు పడదో వైద్యుడు కూడా ఒక్కోసారి చెప్పలేడు. కంప్యూటరుకు అటువంటి పడకపోవడం ఉండదు. సమాచారం ఎక్కడో ఒక చోట ఆగి ఉంటుంది, ఆ చోటికి పేరుంటుంది, దాన్ని కనిపెట్టడానికి దారి ఉంటుంది. మా వైపు ఊళ్ళలో కొన్నేళ్ళుగా పాత యంత్రాలకు లినక్స్ ఎక్కిస్తూ వస్తున్నాను. మధ్యలో వదిలేసినవాళ్ళలో ఎక్కువమంది వదిలేసింది నెట్‌వర్క్ తెర దగ్గరే. వాళ్ళకు తెలివి తక్కువై కాదు, ఓపిక లేక కూడా కాదు. ఎక్కడ ఆగిందో చూడమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. నెట్‌వర్క్ దానంతటది అమరలేదని ఇన్‌స్టాలర్, అంటే లినక్స్‌ను ఎక్కించే ప్రోగ్రాం, ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. ఆ ఒక్క ముక్క వెనక ఏడెనిమిది వేరువేరు కారణాలు ఉండవచ్చు, వాటిలో ఒకదాని మందు మరొకదానికి పనికిరాదు. అది తెలియక ఒకరు ఉబుంటు తీసి మింట్ వేస్తారు, మింట్ తీసి ఫెడోరా వేస్తారు, మరొకరు ఎవరో రాసిన ఆదేశాన్ని అర్థం తెలియకుండానే టెర్మినల్లో, అంటే ఆదేశాలు టైపు చేసే తెరలో, అతికిస్తారు.

దీనికి సరైన పద్ధతి మా గోదావరి డెల్టా రైతుకు ముందే తెలుసు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజి దగ్గర బయల్దేరిన నీరు ప్రధాన కాలువలు, లాకులు, పంట కాలువలు, బోదెలు దాటుకుని చివరికి మడి తూములోకి వస్తుంది. దాళ్వా పంటకు వంతులవారీగా నీళ్ళిచ్చే రోజుల్లో శివారు పొలానికి నీరందకపోతే రైతు పొలం మార్చుకోడు, విత్తనం మార్చుకోడు, ధవళేశ్వరం పరుగెత్తడు. పార భుజాన వేసుకుని తన తూము దగ్గర మొదలుపెట్టి బోదె గట్టున పైకి నడుస్తాడు. తూము పూడిందా, బోదెలో గుర్రపుడెక్క అడ్డం పడిందా, పై రైతు గండి కొట్టాడా, కాలువలోనే మట్టం తగ్గిందా అని చూసుకుంటూ, నీరున్న చోటికీ లేని చోటికీ మధ్య హద్దు దొరికేదాకా నడుస్తాడు. కాలువలు చూసే లస్కరును పిలవాలో, తానే పార పట్టాలో ఆ హద్దే చెబుతుంది.

లినక్స్ ఎక్కించేటప్పుడు ఆ నడక డిస్కును ముట్టుకోకముందే పూర్తి కావాలని నా గట్టి నమ్మకం. అందుకే నేను ఎవరికైనా ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో, అంటే డిస్కులో ఎక్కించకుండానే లినక్స్ నడిపించే పెన్‌డ్రైవ్‌తో, యంత్రాన్ని తెరవమని చెబుతాను. డిస్కులో ఒక్క అక్షరం చెరగదు, పాత విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది, అయినా టెర్మినలు, బ్రౌజరు, నెట్‌వర్క్ అమరికలు అన్నీ చేతికి అందుతాయి. నేరుగా ఇన్‌స్టాలర్లోకి వెళ్ళి ఇరుక్కున్నవాళ్ళకు కూడా ఒక కిటికీ ఉంది. డెబియన్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే లోపల జరుగుతున్నదంతా వరుసగా కనిపిస్తుంది, ఎఫ్2తో చిన్న టెర్మినల్ వస్తుంది. ఈ సంగతి తెలియక ఎన్ని ఇళ్ళలో పవర్ బటన్ నొక్కి పట్టుకుని యంత్రాన్ని ఆపేశారో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

ఆ ఆదివారం మొదట అడిగిన ప్రశ్న, లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నెల్ అనే ప్రోగ్రాంకు వైఫై కార్డు కనిపిస్తోందా అన్నది. ఎల్‌ఎస్‌పీసీఐ అనే ఆదేశానికి ఎన్‌ఎన్‌కే అన్న గుర్తు చేర్చి కొడితే ప్రతి కార్డు పేరు, దాని గుర్తింపు సంఖ్య, దాన్ని ప్రస్తుతం నడుపుతున్న డ్రైవరు పేరు వస్తాయి. యూఎస్‌బీకి తగిలించే వైఫై ముక్కలకైతే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అని కొట్టాలి. ఈ లాప్‌టాప్‌లో ఉన్నది బ్రాడ్‌కామ్ బీసీఎం43142. కార్డు కనిపించింది, గుర్తింపు సంఖ్య కనిపించింది, కానీ నడుపుతున్న డ్రైవరు అని ఉండవలసిన వరుసే లేదు. మొదటి హద్దు అక్కడే దొరికింది. రూటరును ఆపి వేసినా, పాస్‌వర్డు పదిసార్లు కొట్టినా, పెన్‌డ్రైవ్ మళ్ళీ రాసినా ఫలితం ఉండదని అప్పుడే తేలిపోయింది.

ఇక్కడ డ్రైవరుకూ ఫర్మ్‌వేరుకూ ఉన్న తేడా వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా తికమకపడేది దీని దగ్గరే. డ్రైవరు కెర్నెల్లో భాగంగా మన ప్రాసెసరు మీద నడిచే ప్రోగ్రాం. ఫర్మ్‌వేరు ఆ కార్డు లోపల, దాని సొంత చిప్పు మీద నడిచే ప్రోగ్రాం, యంత్రం వెలిగిన ప్రతిసారీ డ్రైవరు దాన్ని కార్డులోకి ఎక్కిస్తుంది. ఇంటెల్ వైఫై కార్డుల వంటివాటికి డ్రైవరు కెర్నెల్లోనే ఉన్నా, ఫర్మ్‌వేరు ఫైలు లేకపోతే కార్డు పలకదు, అప్పుడు డీమెసెజ్ అని కొడితే ఏ ఫైలు దొరకలేదో పేరుతో సహా రాసి ఉంటుంది. ఈ ఫర్మ్‌వేరు ఫైళ్ళు, మూలం అందరూ చూసి మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కావు కనుక డెబియన్ వాటిని తన అధికారిక ఇన్‌స్టాలర్లో చాలాకాలం చేర్చలేదు. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి ఆ పద్ధతి మార్చారు. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12 మొదలుకొని ఫర్మ్‌వేరు ఇన్‌స్టాలర్లోనే ఉంటోంది.

ఆ మార్పు సరైనదేనని నా అభిప్రాయం. పాత పట్టుదల వెనక ఉన్న నియమాన్ని నేను గౌరవిస్తాను. వాడేవాడికి కనిపించని కోడును యంత్రంలో పెట్టకూడదన్నది గొప్ప నియమమే. కానీ నెట్ రావడానికి కావలసిన ఫైలును నెట్‌లోంచే తెచ్చుకోమనడం తాళంచెవిని పెట్టెలో పెట్టి తాళం వేసినట్టు ఉండేది. రెండో కంప్యూటరు ఉన్న ఇంట్లో అది చిన్న ఇబ్బంది. ఉన్నదొక్కటే యంత్రమైతే, అదీ పాతదైతే, స్వేచ్ఛ పేరుతో ఆ పిల్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గడప దగ్గరే నిలిపేసినట్టయ్యేది.

అయితే ఈ బ్రాడ్‌కామ్ కార్డు సంగతి వేరు. దానికి కావలసింది ఫర్మ్‌వేరు కాదు, తయారీదారు మూలం బయటపెట్టకుండా ఇచ్చే డ్రైవరు. అది డెబియన్ ఇన్‌స్టాలర్లో ఉండదు. డెబియన్ ప్యాకేజీల భాండాగారంలో నాన్-ఫ్రీ ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగంలో కూడా ఉండదు, పాత నాన్-ఫ్రీ విభాగాన్ని విడిగా తెరిస్తేనే బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్ అన్న పేరుతో దొరుకుతుంది. మింట్ పెన్‌డ్రైవ్‌లోనైతే ఈ కార్డుకు డ్రైవరు అందులోనే ఉంటుంది, డ్రైవర్ మేనేజర్‌తో నెట్ లేకుండానే వేసుకోవచ్చు. అది తెలిసినవాళ్ళు మింట్‌కు మారితే నాకేమీ అభ్యంతరం లేదు, కారణం తెలుసుకుని మారుతున్నారు కనుక. ఆ అమ్మాయికి మాత్రం కాలేజీలో డెబియనే నేర్పుతున్నారు, అదే కావాలంది. కాబట్టి వైఫై పక్కన పెట్టి, ముందు వేరే దారిలో నెట్ తేవాలని నిర్ణయించుకున్నాం.

వైఫై విషయంలో మరి కొన్ని ఆగే చోట్లు చెప్పి ముందుకు వెళతాను. కార్డూ డ్రైవరూ ఉండి కూడా వైఫై ఆపివేసినట్టు చూపిస్తే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొట్టి చూడాలి. పాత లాప్‌టాప్‌ల పక్కన చిన్న జారుడు స్విచ్ ఒకటి ఉంటుంది, సంచీలో పెట్టేటప్పుడు అది కదిలిపోతుంది. ఫోనుకు కనిపిస్తున్న వైఫై లాప్‌టాప్‌కు కనిపించకపోతే, రూటరు 5 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే ప్రసారం చేస్తోందేమో చూడాలి, ఇందాకటి బ్రాడ్‌కామ్ వంటి కార్డులకు 2.4 తప్ప తెలియదు. లేదా రూటరు 12, 13 చానళ్ళలో ఉండి ఉండవచ్చు. మన దేశంలో అవి అనుమతించిన చానళ్ళే అయినా, తాను ఏ దేశంలో ఉన్నానో తెలియని కార్డు వాటి మీద తానుగా మాట్లాడదు. రూటరును 1, 6, 11 చానళ్ళలో ఒకదానికి మారిస్తే సరిపోతుంది. విండోస్ పక్కనే లినక్స్ పెట్టుకున్నవాళ్ళు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపాలి, లేకపోతే విండోస్ సగం నిద్రపుచ్చి వెళ్ళిన కార్డు కొన్నిసార్లు లినక్స్‌లో లేవదు.

మళ్ళీ మా ఇంటికి వస్తాను. రూటరు నుంచి కేబుల్ తెచ్చి లాప్‌టాప్‌కు పెట్టాం. దాని రియల్‌టెక్ కార్డును కెర్నెల్ వెంటనే గుర్తుపట్టింది, ఈఎన్‌పీ అని మొదలయ్యే పేరు కూడా వచ్చింది. అయినా ఐపీ లింక్ అని కొడితే ఆ పేరు పక్కన నో-క్యారియర్ అని ఉంది. అంటే తీగ మీద అవతలి పక్క నుంచి విద్యుత్ సంకేతమే రావడం లేదు. పోర్టు పక్కన వెలగవలసిన చిన్న పచ్చదీపం వెలగలేదు. ఇది లినక్స్‌కు గానీ విండోస్‌కు గానీ సంబంధించిన సంగతే కాదు, అయినా ఆ క్షణంలో చూసేవాడు లినక్స్‌నే అనుమానిస్తాడు, ఎందుకంటే కొత్తగా వచ్చింది అదే.

కేబుల్ చివర పీకి కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాను. మా ఇల్లు సముద్రానికి ఎంతో దూరం కాదు, పైగా ఆ కేబుల్ రెండేళ్ళుగా కిటికీ పక్కన వానజల్లుకు వేలాడుతోంది. పారదర్శకమైన ఆ ప్లాస్టిక్ తలలో ఎనిమిది పిన్నులుంటాయి. క్లిప్పు కిందికి పెట్టి ఎడమ నుంచి లెక్కపెడితే మూడోదాని మీద పచ్చగా చిలుము పట్టి ఉంది, పూజ గదిలో తోమని రాగిచెంబు మీద పట్టినట్టు. వంద మెగాబిట్ల లింకుకు వాడే తీగలు నాలుగే, 1, 2, 3, 6. మూడోది పోతే దీపం వెలగదు. చివర ఒక అంగుళం కోసి, తీగల్ని తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ వరుసలో పేర్చి, కొత్త తలలో దూర్చి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కాం. రెండోసారికి ఆ అమ్మాయే నొక్కింది. దీపం వెలిగింది.

తీగ పలికాక చూడవలసింది చిరునామా. ఐపీ అడ్రస్ అని కొడితే 192.168తో మొదలయ్యే సంఖ్య వచ్చింది, సంతోషం. అక్కడ 169.254తో మొదలయ్యే సంఖ్య వచ్చినా, అసలేమీ రాకపోయినా రూటరు నుంచి చిరునామా అందలేదని అర్థం. డెల్టా ఊళ్ళలో దీనికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది, ఎక్కడా రాసి ఉండదు కనుక చెబుతున్నాను. రూటరు లేకుండా నేరుగా కంప్యూటరుకే కేబుల్ ఇచ్చే చిన్న ఆపరేటర్లు కొందరు, మొదటిరోజు పెట్టిన కంప్యూటరు కార్డు సంఖ్యను, అంటే మ్యాక్ చిరునామాను తమ దగ్గర నమోదు చేసుకుంటారు. వేరే యంత్రం పెడితే లైను పలకదు. నాకే ఒకసారి ఇలా జరిగి రెండు రోజులు పోయాయి. ఆపరేటరుకు ఫోను చేసి కొత్త సంఖ్య చెబితే అయిదు నిమిషాల్లో తీరిపోయే పని అది. ఇంకొందరి ఇళ్ళలో యూజర్‌నేమ్, పాస్‌వర్డు కొట్టి డయల్ చేసే పీపీపీఓఈ పద్ధతి ఉంటుంది. లైవ్ పెన్‌డ్రైవ్‌లో నెట్‌వర్క్ అమరికల్లోకి వెళ్ళి ఆ రకం కనెక్షన్ చేర్చుకోవాలి. ఆ లైన్ల మీద ప్యాకెట్ పరిమాణం 1500 బదులు 1492 బైట్లే పడుతుంది. కొన్ని సైట్లు చక్కగా తెరుచుకుని మరికొన్ని సగంలో నిలిచిపోతుంటే ఆ పరిమాణాన్ని, అంటే అమరికల్లో ఎంటీయూ అని ఉండే సంఖ్యను అనుమానించాలి.

చిరునామా వచ్చాక పింగ్, అంటే అవతలి యంత్రం పలుకుతోందా అని పిలిచి చూడడం, మూడు మెట్లలో చేయాలి. ముందు రూటరును, తరవాత బయట ఎప్పుడూ పలికే 8.8.8.8 వంటి సంఖ్యను, ఆ పైన ఏదైనా సైటు పేరును. రూటరు పలికి బయటి సంఖ్య పలకకపోతే తప్పు చాలామటుకు మన లాప్‌టాప్‌లో లేదు. సంఖ్య పలికి పేరు పలకకపోతే, పేరుకు సంఖ్య వెతికి ఇచ్చే డీఎన్‌ఎస్ అమరిక ఒక్కటే సరిచేయాలి. మాకు మూడూ పలికాయి. అమ్మాయి ముఖం వికసించింది. తీరా ప్యాకేజీల జాబితా తెచ్చుకునే ఆప్ట్ అప్‌డేట్ ఆదేశం కొడితే, విడుదల ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదు అన్న అర్థం వచ్చే వాక్యంతో ఆగిపోయింది. బ్రౌజరు తెరిస్తే ప్రతి సైటూ భద్రమైనది కాదంటోంది.

పొద్దున్నుంచి నడిచిన దారిలో అన్నిటికంటే మోసకారి చోటు ఇదే, ఎందుకంటే ఇది నెట్‌వర్క్ లోపంలా కనిపిస్తుంది గానీ నెట్‌వర్క్ లోపం కాదు. తెర మూలన గడియారం చూశాను. 2014 జనవరి 1. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే బొత్తాం బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, యంత్రం ఆపిన ప్రతిసారీ కాలం మొదటికి వెళుతోంది. డెబియన్ భాండాగారం ప్రతి విడుదల ఫైలు మీద తేదీ వేసి సంతకం చేస్తుంది. సైట్ల సర్టిఫికెట్లకూ ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అన్న గడువుంటుంది. 2014లో ఉన్న యంత్రానికి 2025 నాటి సంతకం ఇంకా రాని కాలానిది, కనుక నమ్మదు, నమ్మకపోవడమే సరైన పని. నెట్ నుంచి సమయం తెచ్చుకునే ఏర్పాటు లినక్స్‌లో ఉన్నా, అది వాడే యూడీపీ 123వ పోర్టును మా లైను దాటనిచ్చినట్టు లేదు. డేట్ ఆదేశంతో తేదీ చేత్తో సరిచేసిన మరుక్షణం ప్యాకేజీల జాబితా జలజలా దిగింది. బ్యాటరీ రకం సీఆర్2032, గడియారాల కొట్లోనే దొరికింది.

పొద్దున్నుంచి చూసిన మూడు లోపాల్లో ఒకటి డ్రైవరు, ఒకటి తీగ, ఒకటి గడియారం. మూడూ ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉన్నాయి. వరుస తప్పి చూసి ఉంటే, ఏ ఒక్కటి సరిచేసినా ఫలితం కనిపించక, చేసిన సరి పనిని కూడా తప్పనుకుని వెనక్కి తీసుకునేవాళ్ళం. షాపువాళ్ళు పడదన్నది ఈ మూడింటి మొత్తాన్నే. వాళ్ళను నేను తప్పుపట్టను, గంటకు పది యంత్రాలు చూసేవాళ్ళకు ఇంత తీరిక ఉండదు. విండోస్‌కు ఈ గొడవ ఉండదు కదా అంటారు. కొన్న యంత్రంలో తయారీదారు ముందే డ్రైవర్లు పెట్టి ఇస్తాడు కాబట్టి ఉండదు. ఖాళీ డిస్కు మీద విండోస్ మొదటినుంచి వేసినప్పుడు వైఫై రాక, డ్రైవరు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న సందర్భాలు నేను చాలాసార్లు చూశాను.

కేబుల్ లేని ఇళ్ళకు ఫోనే పెద్ద ఆధారం. ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కు తగిలించి, ఫోను అమరికల్లో యూఎస్‌బీ టెథరింగ్ వేస్తే, లినక్స్‌కు అది తీగతో వచ్చిన నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది. విడిగా ఫర్మ్‌వేరు అక్కర్లేదు. ఫోను వైఫైలో ఉంటే ఎక్కువ ఫోన్లలో ఆ వైఫైనే లాప్‌టాప్‌కు అందిస్తుంది, అంటే ఫోనే వైఫై కార్డవుతుంది. కాకపోతే కేబుల్ చూసుకోవాలి. చార్జింగుకు మాత్రమే పనికొచ్చే చవక కేబుళ్ళలో డేటా తీగలే ఉండవు, టెథరింగ్ బటన్ బూడిద రంగులోనే ఉండిపోతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకుతో నెట్ ఇన్‌స్టాల్, అంటే ఫైళ్ళను నెట్ నుంచి దించుకుంటూ ఎక్కించడం, మొదలుపెట్టేవాళ్ళు డెస్క్‌టాపు మొత్తం దించడానికి ఒక జీబీకి పైగా ఖర్చవుతుందని ముందే తెలుసుకోవాలి.

అసలు నెట్ మీద ఆధారపడి ఇన్‌స్టాల్ చేయడమే మా ప్రాంతానికి తగదని నా వాదన. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమ జిల్లాలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. తుఫాను వస్తే స్తంభాలు పడతాయి, వరద వస్తే లంకలకు దారే ఉండదు. నెట్ ఇన్‌స్టాల్ ఇమేజి, అంటే పెన్‌డ్రైవ్ మీద రాసే ఫైలు, ఒక జీబీ లోపు ఉంటుందని అందరూ అదే దించుకుంటారు గానీ, నాలుగు జీబీకి దగ్గరగా ఉండే డీవీడీ ఇమేజిలో డెస్క్‌టాపుతో సహా అన్నీ ఉంటాయి. నెట్‌వర్క్ తెర దగ్గర ఇప్పుడు అమర్చవద్దు అని ఎంచుకుని ముందుకు వెళ్ళిపోవచ్చు. ఊరికి ఒక్కరి దగ్గర, గ్రంథాలయంలోనో కాలేజీ ల్యాబులోనో, అటువంటి పెన్‌డ్రైవ్ ఒకటి ఉంటే ఎన్నో యంత్రాలు మూలపడకుండా ఉంటాయి. వ్యవస్థ నిలబడ్డాక, నెట్ సంగతి నిదానంగా, తెలుగులోనే సందేశాలు చదువుకుంటూ చూసుకోవచ్చు. గ్రాఫికల్ ఇన్‌స్టాలర్లో తెలుగు ఎంచుకునే వీలుందని మనవాళ్ళలోనే చాలామందికి తెలియదు.

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి కేబుల్ మీద డెబియన్ ఎక్కడం పూర్తయింది. నాన్-ఫ్రీ విభాగం తెరిచి, డ్రైవరు తయారవడానికి కావలసిన కెర్నెల్ హెడర్లతో పాటు బ్రాడ్‌కామ్ డ్రైవరు వేసి, యంత్రం వెలిగేటప్పుడు తెరిచే బయాస్ అమరికల్లో సెక్యూర్ బూట్ ఆపాం. అది ఆపకపోతే, తాను నమ్మే సంతకం లేని ఆ డ్రైవరును కెర్నెల్ లోపలికి రానివ్వదు. యంత్రం మళ్ళీ తెరిస్తే వైఫై పేర్లు వరసగా వచ్చాయి. అమ్మాయి ఆ రోజు చూసిన మెట్లన్నీ నోటుపుస్తకంలో తన మాటల్లో రాసుకుని వెళ్ళింది.

మార్గశిరంలో ఒక రాత్రి ఫోను చేసింది. "బాబాయ్, కార్డుంది, అడ్రస్ వచ్చింది, రూటర్ పింగ్ అవుతోంది, నాలుగు ఎనిమిదులు పలకట్లేదు" అంది. లాప్‌టాప్ గురించి నేనేమీ అడగలేదు, కేబుల్ అతనికి ఫోను చేయమన్నాను. తెల్లారి అతను వచ్చి చూస్తే, వాళ్ళ వీధి మలుపులో కొబ్బరి మట్ట పడి ఫైబర్ తెగి వేలాడుతోంది.